లెక్కలవారి జాగరణము

జూలై మాసము సగము గడచినదనగా విజయవాడ గవర్నరుపేటలోను, గుంటూరు అరండల్‌పేటలోను, హైదరాబాదు హిమాయత్‌నగరులోను, విశాఖపట్టణము ద్వారకానగరులోను కొన్ని మేడలపై దీపములు తెల్లవారుజామువరకు ఆరవు. అవి వైద్యశాలలు కావు, విద్యార్థుల వసతిగృహములును కావు. ఆదాయపుపన్ను పత్రములు దాఖలుచేయు ఆడిటర్ల ఆఫీసులు. గడువు సమీపించినకొలది ఆ గదులలో టీగ్లాసుల సంఖ్యయు, కాగితపుకట్టల ఎత్తును, వానితోపాటు ఒకరితో నొకరు చెప్పుకొను హాస్యోక్తులును పెరుగుచుండును. ఏ చిక్కునకు ఏది ఉపాయమో, ఏ నిబంధన ఎచ్చట దాగియున్నదో, ఏ గంటకు ప్రభుత్వమువారి పోర్టలు సులభముగా తెరచుకొనునో ఒక ఊరి ఆడిటరు మరియొక ఊరి ఆడిటరునకు ఫోనులో తెలుపుచు, చివర నొక చమత్కారమును చేర్చుచుండును. పనిలో మునిగినవారు నవ్వుకొనుట వింత కాదు. వరినాట్లు వేయువారును పాడుకొనుచునే వేయుదురు. అయితే వీరి నవ్వులను కొంచెము శ్రద్ధతో వినినచో వానిలో నొక ఫిర్యాదు వినబడును. ఆ ఫిర్యాదు న్యాయమైనదని మా అభిప్రాయము. అది పన్ను చెల్లించు ప్రతి గృహస్థునకును సంబంధించినది కావున నేడు దానినిగూర్చి వ్రాయుచున్నాము.

ఆ హాస్యపు మచ్చులు కొన్ని చిత్తగింపుడు. ఒక షావుకారు మిఠాయిదుకాణపు సంచినిండ కాగితములు తెచ్చి బల్లపై గ్రుమ్మరించి, “అన్నీ ఇందులోనే ఉన్నాయండి, మీరే చూసుకోండి” అనునట. సంచిలో నుండవలసిన బ్యాంకు లెక్క ఉండదు. కుమార్తె వివాహపు శుభలేఖ మాత్ర ముండును. మరియొకరు జూలైలో వచ్చి, ఇప్పు డేదైన బీమా కట్టినచో పోయిన సంవత్సరపు పన్ను తగ్గునా యని యడుగుదురు. మార్చి 31వ తేదీన వెళ్లిపోయిన రైలునకు జూలైలో టిక్కెట్టు అడుగుచున్నారని ఆడిటర్ల మాట. “నాకు ఆదాయమేమీ లేదండి” అని గట్టిగా చెప్పిన పెద్దమనిషియొక్క వార్షిక సమాచారపత్రమును తెరచి చూడగా మూడు బ్యాంకుల వడ్డీయు, కంపెనీ వాటాల అమ్మకమును బయటపడును. అప్పు డాయన “అదికూడా ఆదాయమేనా అండి?” యని యాశ్చర్యపడును.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది ఓటీపీ వృత్తాంతము. రాత్రి పదకొండు గంటలకు పత్రము సిద్ధమగును. దానిని ధ్రువపరచుటకు ఆధారుతో ముడిపడిన ఫోనునకు ఆరంకెల సంఖ్య యొకటి వచ్చును. ఆ ఫోను పన్ను చెల్లించువానియొద్ద ఉండదు. అది డల్లాసులోనున్న కుమారుని పాతనంబరై యుండును, కానిచో మడికి నీరుపెట్టబోయిన పాలేరు చేతిలో నుండును. వారు సంఖ్యను వెదకి చదివి చెప్పులోపల దాని యాయువు తీరును. ఇక గడువు రోజులలో సాధారణముగా ఆషాఢమాసము వచ్చుట తమయెడ దైవము చూపిన దయయని ఆడిటర్లు చెప్పుకొందురు. పెండ్లిపిలుపులు రావు; కావున వెళ్లలేదని బంధువులు నిష్ఠురమాడరు. క్రొత్తగా పెండ్లియైన గుమాస్తాయొక్క భార్య ఆ మాసము పుట్టింట నుండుటయు ఆఫీసునకు లాభమేయని యజమానులు నవ్వుచుందురు. గుమాస్తాలు నవ్వుదురో లేదో మాకు తెలియరాలేదు.

మన జనులు పన్నుపత్రము వ్రాయువారి నందరిని ‘ఆడిటరుగారు’ అనియే పిలుతురు. వారిలో చార్టర్డు అకౌంటెంట్లు కొందరు, న్యాయవాదులు కొందరు, పట్టములేకున్నను చిరకాలానుభవముతో చిన్నపట్టణములలో ఈ పని సాగించు ట్యాక్సు కన్సల్టెంట్లు కొందరు. చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ 1949 జూలై 1వ తేదీన ఏర్పడినది. ఆ దినమును వారు ఏటేట పండుగగా జరుపుకొందురు. పండుగ సరిగా పనివేడిలో పడును. ఆ సంస్థవారు కఠోపనిషత్తునుండి గ్రహించిన నినాదము, లోకము నిద్రించువేళ మేల్కొనియుండువానిని గూర్చినది. అది తత్త్వార్థమున చెప్పబడినదే కాని జూలై నెలాఖరును ఉద్దేశించినది కాదని ఒక ఆడిటరు మాతో ననెను. ఆదాయపుపన్ను శాఖవారును జూలై 24వ తేదీని తమ దినోత్సవముగా జరుపుదురు. ఆ సభకు పిలుపందుకొన్న ఆడిటరునకు అప్పటికి గడువు వారముదినములే మిగిలియుండును.

ఆ జూలై 24 యేమన, 1860లో ఈ పన్ను మన దేశమున అమలులోనికి వచ్చిన దినము. 1857 తిరుగుబాటు వలన ఖజానాపై పడిన భారమును తీర్చుకొనుటకై జేమ్సు విల్సను దొర దీనిని తెచ్చెను. పన్నులు పెంచుటకంటె వ్యయము తగ్గించుట మేలని చెన్నపట్టణపు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవీలియన్ బహిరంగముగా నెదిరించి, ఆ కారణమున వెనుకకు పిలిపింపబడెను. విల్సను దొరయు ఆ సంవత్సరము ఆగస్టులోనే కలకత్తాలో మరణించెను. ఎదిరించినవాడు పదవి కోల్పోయెను, తెచ్చినవాడు ప్రాణము కోల్పోయెను, పన్ను మాత్రము నిలిచినది. నడుమ 1865లో ఆగినను మరల వచ్చి 1886 చట్టముతో స్థిరపడినది. 1922లో నొక చట్టము, 1961లో నొక చట్టము, ఇప్పుడు 2025లో నొక చట్టము. ఈ కడపటిది 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చునట్లు చేయబడినది. అందుచే 2025–26 సంవత్సరపు లెక్క పాతచట్టము క్రిందను, 2026–27 మొదలు లెక్క క్రొత్తచట్టము క్రిందను నడచును. రెండు పుస్తకములను రెండు తొడలపై పెట్టుకొని కూర్చుండవలసిన స్థితి లెక్కలవారికి వచ్చినది.

మన రైతులకు ఇట్టి వ్యవస్థ క్రొత్తది కాదు. ఫసలీ సంవత్సరము జూలై 1న ఆరంభించి జూన్ 30న ముగియుచుండెడిది. జమాబందినాటికి కరణము కవిలెకట్టలతో తాసీల్దారు మకామునకు పోయి లెక్క ఒప్పగింపవలసియుండెడిది. కరణము వ్రాయనిదే శిస్తు కదలదు. గుంటూరు మండలము పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున జరిగిన పన్నుల నిరాకరణోద్యమమున గ్రామోద్యోగులు పెక్కుమంది రాజీనామాలిచ్చినప్పుడు 1922 తొలిదినములలో దొరతనమువారి వసూలు యంత్రము ఎట్లు తడబడినదో పెద్దలు చెప్పగా వినినవారు మన చదువరులలో నింకను కలరు. వ్రాతకాడు కలము క్రిందపెట్టినచో ఎంతటి ప్రభుత్వమైనను చేతులు కట్టుకొనవలసినదే. 1984 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణపు పదవులను రద్దుచేసినది. కరణము పోయెను గాని వ్రాతపని పోలేదు. ఆదాయపుపన్ను విషయమున ఆ భారము ఆడిటరుపై నున్నది. కరణమునకు ప్రభుత్వము జీతమిచ్చెడిది. ఆడిటరునకు ప్రభుత్వము కాసియు నీయదు. పైగా ఆయన ఇచ్చిన నివేదికలోగాని ధ్రువపత్రములోగాని తప్పు సమాచార మున్నచో ఒక్కొక్కదానికి 10,000 రూపాయల జరిమానా విధించు నిబంధనను 2017లో చేర్చిరి.

వీ రొకరికొకరు చెప్పుకొను సలహాలలో మన చదువరులకు, ముఖ్యముగా భూవసతి గలవారికి, పనికివచ్చునవి చాల గలవు. సేద్యపుటాదాయముపై పన్ను లేదను మాట నిజమే. 1886 చట్టమునాటినుండియు అది నిజము. అయితే దానిని పత్రమున చూపనక్కరలేదనుట నిజము కాదు. సేద్యపుటాదాయము 5,000 రూపాయలు మించినవారు అతి సులభమైన ఒకటవ నమూనాపత్రమును వాడుటకు వీలులేదు. ఇతరాదాయము పన్నుకట్టు పరిమితిని దాటినవారి విషయమున, సేద్యపుటాదాయమును దానితో కలిపి లెక్కించియే పన్నురేటు నిర్ణయింతురు. ఇది 1973 ఫైనాన్సు చట్టమునుండి వచ్చుచున్న పద్ధతి. సేద్యపుటాదాయము 5 లక్షలు మించినచో భూమి ఏ జిల్లాలో నున్నది, ఎన్ని యెకరములు, స్వంతమా కౌలా, నీటివసతి కలదా వర్షాధారమా యని ఒక్కొక్కటి వ్రాయవలెను. కావున మంచి ఆడిటరు రైతును చూడగనే పట్టాదారు పాసుపుస్తకమును, ఆంధ్రదేశమైన అడంగలును, తెలంగాణమైన పహాణీని, మార్కెట్టుయార్డు తక్‌పట్టీలను అడుగును. “మా నాన్నగారి కాలంనుంచీ సేద్యమే కదండీ, కాగితాలెందుకు?” అని కొందరు కోపగింతురు. ఎట్లు వచ్చినదో చెప్పలేని ధనమునంతను మిరపచేలో పండినదని వ్రాయించువారు కొందరుండుటచేతనే నిజముగా మిరప పండించినవా డీ కాగితములు చూపవలసివచ్చుచున్నది. తన కోపమును ఆడిటరుపై గాక అట్టివారిపై చూపుట న్యాయము.

పట్టణముల యంచున భూమి అమ్మువారికి మరియొక హెచ్చరిక. పొలమైనంతమాత్రమున ఆ అమ్మకముపై పన్నులేదని చెప్పుటకు వీలులేదు. 10 లక్షలకు మించిన జనాభాగల పురపాలకపు హద్దునుండి 8 కిలోమీటర్లలోపల, లక్షకు మించి 10 లక్షలవరకు జనాభా గలదైనచో 6 కిలోమీటర్లలోపల, 10,000 మించి లక్షవరకైనచో 2 కిలోమీటర్లలోపల నున్న భూమి ఈ పన్ను విషయమున పొలముగా ఎంచబడదు. ఆ దూరమును ఆకాశమార్గమున కొలుతురు. అమ్మినవాడు బండిబాటన కొలిచి తొమ్మిది కిలోమీటర్లనును. చట్టము గగనమున కొలిచి ఏడనును. ఇంకొకటి. 2025–26 సంవత్సరమునుండి క్రొత్తపద్ధతిలో 12 లక్షలవరకు ఆదాయముగల నివాసులకు సామాన్యముగా పన్ను పడదని విని, తమకు పత్రమే అక్కరలేదని తలచువారు మెండుగా నున్నారు. పన్ను పడకపోవుట రాయితీవలన. 4 లక్షలు మించిన ఆదాయము గలవాడు పత్రము దాఖలుచేయవలసినదే. మరియు రాయితీ జీతమునకును వడ్డీకిని వర్తించినట్లు వాటాల అమ్మకపు లాభమునకు వర్తింపదు. గడువు దాటినచో 5 లక్షలకు మించిన ఆదాయముగలవారికి 5,000 రూపాయలును, తక్కినవారికి 1,000 రూపాయలును రుసుము పడుననుట అందరికిని తెలిసినదే. దానికంటె పెద్దనష్టము తెలియనివారే ఎక్కువ. వ్యాపారమునందుగాని వాటాలయందుగాని వచ్చిన నష్టమును రాబోవు సంవత్సరముల లాభమున తీసివేసికొను హక్కు గడువుతోపాటు పోవును. పాతపద్ధతిలో పన్నుకట్టుకొను అవకాశమును పోవును. ఇంటిరుణమును నమ్ముకొని పాతపద్ధతిలో లెక్కవేసికొన్నవానికి ఒక్కరోజు ఆలస్యము వేలతో పోదు, లక్షకును చేరవచ్చును.

ఆడిటర్లు తమలో తాము చెప్పుకొను మరియొక నియమము మాకు మిక్కిలి నచ్చినది. పన్ను చెల్లించువాని ఖాతాలో ఆడిటరు తన ఫోనునంబరును, తన ఈమెయిలును వ్రాయరాదు. వ్రాసినచో పని సులభమే. ఓటీపీకై డల్లాసువరకు పోనక్కరలేదు. కాని రెండేండ్లకు నోటీసు వచ్చునప్పుడు అది ఎవరికి వచ్చును? ఆ యాడిటరు ఊరు మారియుండవచ్చును, ఆ మెయిలు చూచుట మానియుండవచ్చును. అసలువానికి తెలియకయే వాని కేసు తీర్పగును. కావున మన చదువరులు ఒక్కసారి తమ ఖాతాలను తెరచి, అందున్న ఫోను ఎవరిదో చూచుకొనుట మంచిది.

ఇక ఫిర్యాదు మాట. పాతచట్టము క్రింద ఇన్నాళ్లును సాగిన పంచాంగమిది. ఉద్యోగులనుండి పన్ను మినహాయించిన యజమానులు, బ్యాంకులు తమ చివరి మూడుమాసముల లెక్కను మే 31వ తేదీకి దాఖలుచేయుదురు. ఉద్యోగికి ఫారం-16 అందుటకు జూన్ 15 గడువు. పత్రము దాఖలునకు జూలై 31 గడువు. అనగా కాగితము చేతికందిన దినమునుండి నలుబదియారు దినములు. అందు ఆదివారములు తీసివేసి, పోర్టలు మొరాయించిన గంటలు తీసివేసి, వచ్చువారందరును చివరి పదిదినములలోనే వత్తురను విషయమును గణించి చూడుడు. 2024లో జూలై 31వ తేదీవరకు 7.28 కోట్ల పత్రములు దాఖలైనవని ప్రభుత్వమువారే ప్రకటించిరి. అందులో 69.92 లక్షలు ఆ కడపటి దినముననే. ఆ సాయంకాలము ఏడుగంటలనుండి ఎనిమిదిగంటలలోపల 5.07 లక్షలు, సెకనునకు 140 చొప్పున. ప్రభుత్వమువారు దీనిని తమ యంత్రసామర్థ్యమునకు నిదర్శనముగా చెప్పుకొనిరి. యంత్రము సమర్థమే కావచ్చును. ఆ గంటలో ఆ మీటలు నొక్కినవారి కన్నులెట్లుండెనో ఏ ప్రకటనయు చెప్పలేదు.

2025 సంగతి చూడుడు. నమూనాపత్రములలో పెక్కు మార్పులు చేసితిమనియు, వానికి తగిన సాధనములు సిద్ధపరచుటకు కాలము కావలెననియు, మే 31 నాటి లెక్కలు జూన్ ఆరంభమున గాని కనబడవు కావున దాఖలునకు నిజముగా మిగులు కాలము తక్కువయనియు మే 27వ తేదీన శాఖవారే యొప్పుకొని, గడువును సెప్టెంబరు 15వరకు పొడిగించిరి. ఇది మెచ్చదగిన మాట. కాని సెప్టెంబరు 15 రాత్రి, గడువు ముగియబోవు వేళ, మరియొక్క దినము పొడిగించుచున్నామని ప్రకటించిరి. ఆ దినములో అర్ధరాత్రి పండ్రెండునుండి రెండున్నర గంటలవరకు మరమ్మతులకై పోర్టలును మూసిరి. దానమిచ్చిన దినములో రెండున్నర గంటలు దాతయే తీసికొనెనని ఆడిటర్లు నవ్వుకొనిరి. ఆడిటు నివేదికల గడువునకై అదే సెప్టెంబరులో రాజస్థాన్, కర్ణాటక హైకోర్టుల గడప త్రొక్కవలసివచ్చినది. ఆ కోర్టుల ఆజ్ఞలైన పిమ్మట గాని ఆ గడువు పొడిగింపబడలేదు. ఈ విషయమై లెక్కలవారిలో నొక సామెతవంటి మాట పుట్టినది. పొడిగింతురని నమ్మి పని ఆపిన సంవత్సరము పొడిగింపరు. నమ్మక రాత్రింబగళ్లు పనిచేసి ముగించిన సంవత్సరము తెల్లవారగనే పొడిగింతురు. 2022, 2023, 2024 సంవత్సరములలో జూలై 31 గడువు పొడిగింపబడలేదు, 2025లో పొడిగింపబడినది. నవ్వు నిజమైన లెక్కమీదనే నిలిచియున్నది.

చివరిక్షణపు పొడిగింపువలన కలుగు కీడు అలసట యొక్కటియే కాదు. కాగితములు వేళకు తెచ్చినవానికంటె తేనివాడే బుద్ధిమంతుడని అది జనులకు బోధించును. మరుసటి సంవత్సరము వేళకు తెచ్చువారు మరికొందరు తగ్గుదురు.

ఈ సందర్భమున హైదరాబాదులోని మరియొక జాతి లెక్కలవారిని తలచుట అప్రస్తుతము కాదు. అమెరికా దేశస్థుల పన్నుపత్రములను సిద్ధపరచు ఆఫీసులు ఆ నగరమున నున్నవి. మన తెలుగు యువకులు, యువతులు వేలకొలది అందు పనిచేయుచున్నారు. వారి జాగరణము జూలైలో కాదు, మార్చి ఏప్రిల్ మాసములలో. ఆ దేశమున యజమాని జీతపు లెక్క ఇయ్యవలసిన గడువు జనవరి 31. పత్రము గడువు సామాన్యముగా ఏప్రిల్ 15. నడుమ డెబ్బదినాలుగు దినములు. అంతటితో కాక, కోరినవాని కెల్లను కారణ మడుగకయే అక్టోబరు 15వరకు పత్రము దాఖలుకు వ్యవధి దొరకును. పన్ను మాత్రము ఏప్రిల్‌లోనే కట్టవలెను, కట్టనిచో వడ్డీ. ఖజానాకు నష్టము లేదు, లెక్కలవానికి ఊపిరాడును, ఎవ్వరును అర్ధరాత్రి ప్రకటనకై ఎదురుచూడనక్కరలేదు. అమెరికాను అన్నిట అనుకరింపవలెనని మేమనము. అక్కడి పన్నుచట్టపు గందరగోళము వారికే యుండనిండు. ఈ యొక్క యేర్పాటు మాత్రము మనము తెచ్చుకొనదగినది. 2026 ఫిబ్రవరి 1వ తేదీన ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్‌గారు బడ్జెటు ప్రసంగమున, జీతగాండ్రు మొదలగువారికి జూలై 31నే యుంచి, ఆడిటు అక్కరలేని వ్యాపారులకు, ట్రస్టులకు ఆగస్టు 31వరకు గడువు ప్రతిపాదించిరి. గుంపును రెండుగా చీల్చుట మంచి యాలోచనయే. కాని జూన్ 15నకును జూలై 31నకును నడుమనున్న ఇరుకు జీతగానికి దానివలన తీరలేదు.

ఇరుకువలన లాభపడువా డొకడు కలడు. వానినిగూర్చి చెప్పుటకే మే మింతగా వ్రాసితిమి. నిజమైన ఆడిటరు ఇరువదియైదవ తేదీన “అయ్యా, ఈ మినహాయింపు మీకు రాదు, రసీదు లేదు గదా” అనును. అతని ప్రక్కవీధిలో నింకొక డుండును. రసీదు లేకున్నను ఫర్వాలేదనును. రాని మినహాయింపు వ్రాయుదుననును. ఫీజుకు బదులు వచ్చిన రీఫండులో నింతవంతు ఇండనును. అద్దెలేని యింటికి అద్దె, ఇయ్యని రాజకీయ విరాళము, తీసికొనని విద్యారుణము, రాని రోగమునకు చికిత్స వాని కలమునుండి ధారాళముగా వెలువడును. ఉద్యోగి తోటియుద్యోగికి రీఫండు వచ్చినదని విని తన ఆడిటరును చేతకానివానిగా నెంచి వానియొద్దకు పోవును. 2025 జూలై 14వ తేదీన ఆదాయపుపన్ను శాఖవారు దేశమందు 150 స్థలములలో నిట్టివారిపై తనిఖీలు జరిపిరి. తాత్కాలికపు ఈమెయిళ్లు సృష్టించి పత్రములు గుంపులుగా దాఖలుచేసి, పిమ్మట ఆ మెయిళ్లను వదలివేయుటచే నోటీసులు చదువువారు లేకుండపోవుచున్నారని శాఖవారు తెలిపిరి. అంతకు ముందటి నాలుగు మాసములలో సుమారు 40,000 మంది తమ పత్రములను సరిదిద్దుకొని 1,045 కోట్ల రూపాయల తప్పుకోర్కెలను విడిచికొనిరనియు ప్రకటించిరి.

పట్టుబడినప్పుడు పత్రముపై పేరు ఎవరిది? పన్ను చెల్లించువానిది. కట్టవలసిన పన్నును, దానిపై వడ్డీయు, తప్పుడు సమాచారమని తేలినచో పన్నుకు రెండింతల జరిమానాయు నతడే కట్టవలెను. వంతు తీసికొన్నవాడు అప్పటికి నంబరు మార్చియుండును. కాగితములు పరిశీలించుటకు కాలము చాలినప్పుడు ‘లేదు’ అనుమాటకు కారణము చెప్పి యొప్పింపవచ్చును. జూలై 30 రాత్రి పదుగురు బయట నిలిచియుండగా ఏ ఆడిటరు ఎవనిని కూర్చుండబెట్టి యొప్పింపగలడు? కోపముతో లేచిపోయినవాడు ప్రక్కవీధికే పోవును. గడువు ఎంత బిగిసిన ప్రక్కవీధివాని వ్యాపార మంత పెరుగును. తనిఖీలు జరుపుట శాఖ ధర్మమే. కాని ఆ వ్యాపారమునకు నీరుపోయుచున్న పంచాంగమును అట్లేయుంచి తనిఖీలు జరుపుట, గండి పూడ్చక చేలోని నీరు తోడుటవంటిది.

మన గృహస్థుల తప్పును చెప్పక దాటుట న్యాయము కాదు. పెండ్లికి బంగారము కొనుటకు దుకాణమున తరుగు, మజూరీలను మాటాడక యిచ్చువారు, ఆడిటరు ఫీజు దగ్గర అణాపైసలవరకు బేరమాడుదురు. “రెండు మీటలు నొక్కడానికి ఇంతాండీ?” యని యందురు. ఆ రెండు మీటలు నొక్కుటకుముందు నూరు అంకెలను సరిచూడవలెనని వారికి తోచదు. రీఫండు వచ్చినచో తమ అదృష్టము, రానిచో ఆడిటరు లోపము. చిన్నపట్టణములలో ఫీజు బాకీలు దసరా మామూళ్లవలె ఏడాదికొకసారి వసూలగుచున్నవని వినుచున్నాము.

ప్రభుత్వమువారిని మేము కోరునది పెద్దది కాదు. ఏ సంవత్సరపు నమూనాపత్రములను, వాని సాధనములను ఆ సంవత్సరపు ఏప్రిల్ 1వ తేదీకి సిద్ధముచేయనిండు. ఆలస్యమైనచో ఆలస్యమైనన్ని దినములు గడువు తనంతతానే జరుగునట్లు చట్టముననే వ్రాయనిండు. పన్ను వేళకు కట్టినవానికి, కోరిన మాత్రమున, పత్రమునకు రెండుమాసముల వ్యవధి నిండు. పొడిగింపు చేయదలచినచో పదిదినములముందే చెప్పనిండు. పోర్టలునకు మరమ్మతు లవసరమైనచో అవి గడువు వారమున జరుగకుండ చూడనిండు. వీనికై ఖజానానుండి దమ్మిడీ వ్యయము కాదు.

ఇక మన చదువరులకు. ఈ సంవత్సరపు ఫారం-16లు, బ్యాంకు లెక్కలు, తక్‌పట్టీలు ఇంకను బీరువాలోనే యున్నచో రేపే ఆడిటరుగారి ఆఫీసునకు పంపుడు. మిఠాయిసంచిలో పంపినను ఆయన ఏమియు ననుకొనరు. శుభలేఖను మాత్రము తీసివేసి పంపుడు. ఆధారుతో ముడిపడిన ఫోను ఎవరిచేతిలో నున్నదో ముందే విచారించి, ఆ రాత్రి దానిని మేల్కొనియున్నవారి యొద్ద ఉంచుడు.